సారుకు టికెట్ ఇచ్చాను, పేరు చెప్పలేకపోయాను

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఒక ఊరు. ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నాం. నేను ఆర్టీసీలో కండక్టర్‌ని. 2001లో పదో తరగతి పాసయ్యాను. మా హైస్కూల్లో సంగీతం సారు ఉండేవారు. రోజూ ప్రేయర్‌లో నాతోనే పాట ఎత్తించేవారు. పది అయిపోగానే వరంగల్ సంగీత కళాశాల దరఖాస్తు ఫారం ఆయనే తెచ్చి మా ఇంట్లో ఇచ్చారు. మా నాయన ‘పాటలు కూడు పెడతయా సారూ’ అన్నాడు. ఆ ఫారం నింపలేదు. ఆ మాట సారుకు చెప్పే ధైర్యం లేక, ఆయన ఎదురైతే పక్క సందులోకి తిరిగేదాన్ని. మొన్న నా బస్సే ఎక్కారు. ముందు సీటు రాడ్డు మీద వేళ్లతో తాళం వేస్తుంటే పోల్చుకున్నాను. చెవులు బాగా మందగించినట్టున్నాయి. ఎక్కడికని మళ్లీ మళ్లీ అడిగితే గానీ వినబడలేదు. ‘ములుగు రోడ్డొస్తే చెప్పు బిడ్డా’ అన్నారు. నన్ను గుర్తుపట్టలేదు. టికెట్ ఇచ్చాను, స్టాప్ వస్తే చెప్పాను, దిగిపోయారు. అంతే.

ఇప్పుడు మా బ్యాచ్ వాళ్లు పాతికేళ్ల సమ్మేళనం పెట్టి సారుకు సన్మానం చేద్దామంటున్నారు. స్టేజీ మీద నన్ను పాడమని వాట్సాప్ గ్రూపులో ఒకటే పోరు. బస్సులో అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయింది. పైగా ఆయనకు వినబడదాయె. మా ఆయన ‘గిప్పుడు పాటలేంది’ అని నవ్వుతున్నాడు. బతుకమ్మకు మా కాలనీలో పాట ఎత్తుకోవడం తప్ప ఇన్నేళ్లలో నేను పాడిందే లేదు. సారు ఇచ్చిందంతా మట్టిపాలు చేశాననే బాధ. పోవాలా, వద్దా? ఇంకోటి, ఏడో తరగతి చదివే మా పాపకు పాటలంటే ప్రాణం. వాళ్ల బడిలో సంగీతం క్లాసు లేదు. ఏం చేయమంటారు?
— పేరు వద్దన్న సోదరి, హనుమకొండ

జవాబు: పోండమ్మా. కాకపోతే సన్మానం రోజు కాదు, దానికి ముందే ఒకసారి ఒక్కరే పోండి. స్టేజీ మీద ఒంటరిగా పాడే పని మాత్రం ఒప్పుకోకండి. ఎందుకో చెబుతాను.

మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపింది ఫారం సంగతి కాదు, బస్సు సంగతీ కాదు. ‘బతుకమ్మకు పాట ఎత్తుకోవడం తప్ప’ అని ఒక్క ముక్కలో తేల్చేశారే, ఆ వాక్యం. కాలనీలో అంతమంది ఆడవాళ్లుండగా ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా అందరూ మీ మొహమే ఎందుకు చూస్తారు? మీ గొంతు అందరికన్నా తియ్యగా ఉంటుందని కాదు. బొంగురుపోయిందని మీరే అంటున్నారు కదా. మీరు ఎత్తుకుంటే అందరికీ అందుతుంది, అందుకని.

బతుకమ్మ పాటలో ఒకరు చరణం అంటే మిగతావాళ్లు ఉయ్యాలో అని అందుకోవాలి. ఎత్తుకునే మనిషి పై శ్రుతిలో మొదలుపెట్టిందనుకోండి, నాలుగు చరణాలయ్యేసరికి ముసలమ్మలు నోరు మూసేస్తారు. మరీ కిందికి దిగితే పిల్లలకు అందదు. నడక వేగమైతే పళ్లెం దింపి వచ్చిన పెద్దావిడ అడుగు తడబడుతుంది. డెబ్బై ఏళ్ల అవ్వకూ ఏడేళ్ల పిల్లకూ కలిపి ఒక శ్రుతి, చప్పట్లకూ అడుగుకూ కుదిరే ఒక నడక క్షణంలో పట్టుకోవాలి. చాలామంది మంచి గాయకులకు ఈ పని రాదు. కచేరీ చేసేవాళ్లు తమ గొంతుకు కుదిరే శ్రుతి పెట్టుకుంటారు, వాళ్ల పని అది. ఎదుటివాళ్ల గొంతులకు కుదిరే శ్రుతి వెతకడం వేరే విద్య. అది బడిలో ప్రేయర్ పాడించే సంగీతం సారు విద్య.

ఆయన పొద్దున్నే హార్మోనియం మీద ఒక మెట్టు నొక్కి, మీ వైపు తలాడించి, వందల మంది పిల్లల చేత ఒక్క గొంతుతో పాడించి ఉంటారు. వాళ్లలో సగం మందికి శ్రుతి అంటే ఏమిటో తెలియదు. పదో తరగతి మగపిల్లలకు గొంతు అప్పుడే పగులుతూ ఉంటుంది. అయినా ప్రేయర్ నడిచేది. ఆ పక్కన నిలబడి రోజూ చూసింది మీరు. నేర్పుతున్నానని ఆయన అనుకోలేదేమో, నేర్చుకుంటున్నానని మీరూ అనుకోలేదు. ఆయన దగ్గర మీకు బాగా వంటబట్టింది అదే. ఇన్నేళ్లుగా ఏటేటా దాన్ని వాడుతూనే ఉన్నారు. మట్టిపాలు అయిందెక్కడ?

ఇక ఆ ఫారం. మీ నాయన అన్నమాట కటువుగా ఉంది గానీ నేను ఆయన్ని తప్పుపట్టను. ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. సర్కారు బళ్లలో సంగీతం పోస్టులు అప్పుడూ అరుదే, ఇప్పుడూ అరుదే. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే చూడండి: ఆరు నుంచి ఎనిమిది తరగతులున్న బడిలో పిల్లలు వంద దాటితే, కళలు నేర్పడానికి పెట్టమన్నది పార్ట్‌టైం మనిషిని. చట్టం రాసినవాళ్ల దృష్టిలోనే సంగీతం సారు పూర్తి సారు కాదు. ఆ లెక్కన పదిహేనేళ్ల ఆడపిల్లను ఏ ధైర్యంతో పంపుతాడు ఆ తండ్రి?

మీ సారుకు ఇది తెలియదనుకోకండి. పాటలు కూడు పెట్టడం ఎంత కష్టమో మీ నాయన కన్నా ఆయనకే ఎక్కువ తెలుసు. ఇంటింటికీ ఫారం పట్టుకుపోయే సారు అన్ని ఫారాలూ తిరిగొస్తాయని ఎదురుచూడడు. మీ నాయన మాట విని గడప దిగినప్పుడే ఆయనకు అర్థమై ఉంటుందని నా అంచనా. సందులోకి తిరిగిపోతున్న పిల్లను చూసి ఆయన కోపం తెచ్చుకుని ఉంటారని మీరు ఇన్నేళ్లు అనుకున్నారు. నాకు తెలిసిన బడిపంతుళ్లయితే ‘పాపం, నాకెదురుపడలేక పోతుంది’ అనుకుని తామే తల తిప్పుకునే రకం. బస్సులో గుర్తుపట్టకపోవడానికి కూడా పెద్ద అర్థాలు వెతక్కండి. ఆయనకు తెలిసింది రెండు జడల పదిహేనేళ్ల పిల్ల. యూనిఫాం వేసుకుని, టికెట్ మిషన్ పట్టుకుని, పొద్దుటి రద్దీలో నిలబడ్డ నలభై ఏళ్ల మనిషి కాదు.

ఇప్పుడు అసలు పని. ఆయనకు వినబడదు కాబట్టి పాడి లాభం ఏమిటని అడిగారు. ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చెవుడు గురించి మనవాళ్లు అనుకునేది ఒకటి, జరిగేది ఇంకొకటి.

వయసుతో వచ్చే చెవుడులో మొదట పోయేది సన్నని, పై స్థాయి శబ్దాలు. స, శ, ష, త, క లాంటి హల్లులు ఆ పై శబ్దాల మీదే ఆధారపడతాయి. అందుకే పెద్దవాళ్లకు మనం మాట్లాడుతున్నట్టు తెలుస్తుంది గానీ ఏమంటున్నామో తెలియదు. అచ్చుల బలం కింది శబ్దాల్లో ఉంటుంది కాబట్టి ‘ఆ’, ‘ఓ’ చాలా కాలం నిలుస్తాయి. అంటే పాటలోని మాటలు చెదిరిపోయినా, ‘ఆ’ అంటూ సాగే ఆకారం ఆయనకు అందే అవకాశం ఎక్కువ. మీ గొంతు బొంగురుపోయి కిందికి దిగిందని ఏడుస్తున్నారు కదా, ఆయన చెవికి అదే అనుకూలం. అరవకండి. అరిస్తే గొంతు పైకి పోతుంది, మాట ఇంకా చెదురుతుంది. ఎదురుగా, వెలుతురు మీ మొహం మీద పడేటట్టు కూర్చుని, నిదానంగా, మామూలు కన్నా కొంచెం గట్టిగా మాట్లాడండి. ఫ్యాన్, టీవీ ఆపమని ఇంట్లోవాళ్లను అడగండి. ఒక నోట్‌బుక్, లావు స్కెచ్ పెన్ దగ్గర ఉంచుకోండి, పేరు మాత్రం రాసి చూపించండి.

ఇంకో సంగతి. ఇలాంటి చెవుడులో కొందరికి స్వరమే కొంచెం పక్కకు జరిగి వినబడుతుంది. మీరు సరిగానే పాడినా ఆయన మొహం చిట్లించవచ్చు. దాన్ని మీ తప్పుకు గుర్తుగా తీసుకోకండి. చెవి మిషన్ పెట్టుకున్నా ఈ చిక్కు ఉంటుంది. ఆ మిషన్లు ముఖ్యంగా మాట వినడానికి తయారుచేసినవి. శ్రుతిపెట్టె, హార్మోనియం ఒకే స్వరాన్ని పట్టి ఉంచితే కొన్ని మిషన్లు దాన్ని ఈల శబ్దం అనుకుని నొక్కేస్తాయి, లేదా వణికిస్తాయి. ఒకప్పుడు శ్రుతి మీద బతికిన మనిషికి శ్రుతిపెట్టె వణుకుతూ వినబడితే ఎంత టెన్షనో ఆలోచించండి. చాలామంది పెద్దవాళ్లు మిషన్‌ను బీరువాలో పడేయడానికి ఇదీ ఒక కారణం. సంగీతం వినడానికి వేరే సెట్టింగు చాలా మిషన్లలో పెట్టవచ్చు, మిషన్ ఇచ్చిన ఆడియాలజిస్టును అడగాలి. అడగాలని ఆయనకు ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు. మీ బ్యాచ్ వాళ్లలో ఒకరు ఈ పని మీద వేసుకుంటే, అది పది శాలువాల పెట్టు.

అయినా ఆయనకు పాడి వినిపించడానికి వెళ్లొద్దనే నేను అంటాను. ఆయన దగ్గర నేర్చుకోవడానికి వెళ్లండి. రెండింటికీ చాలా తేడా ఉంది. పాడి వినిపించడానికి వెళ్తే మీరు పరీక్షకు కూర్చున్నట్టు, ఆయన మార్కులు వేయాల్సినట్టు అవుతుంది. వినబడక ఆయన ఇబ్బంది పడతారు, పాతికేళ్ల బాకీ తీర్చాలని మీరు ఇబ్బంది పడతారు. ‘సార్, జంట స్వరాల దగ్గర ఆపేశాం, అక్కణ్నుంచి చెప్పండి’ అని నోట్‌బుక్ ముందు పెట్టారనుకోండి, ఆయనకు చేతనైన పని ఆయన చేతికి దొరుకుతుంది. పాత నోట్‌బుక్ పోయినా ఫర్వాలేదు. జంట స్వరాల కన్నా ముందు చెప్పే తొలి పాఠం, మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు, మీకు ఇప్పటికీ నోటికి వచ్చే ఉంటాయి, లేకపోయినా రెండు వరసలు అనగానే మూడోది దానంతటదే వస్తుంది.

తాళం కూడా ఉందాయె. తాళానికి చెవి అక్కర్లేదు, కన్ను చాలు. ఆది తాళం వేయండి: ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు, మళ్లీ దెబ్బ, విసురు (అరచేయి వెనక్కి తిప్పడం), దెబ్బ, విసురు. ఎనిమిది. ఆయన చేయి మీ చేయితో కలుస్తుంది, చూడండి. బస్సు రాడ్డు మీద వేసుకునే మనిషి ఎదురుగా వేస్తుంటే ఊరుకుంటాడా? మీరు ఎక్కడ తప్పారో ఆయనకు వేళ్లను బట్టే తెలుస్తుంది, వెంటనే పట్టుకుని దిద్దుతారు. హార్మోనియం ఇంట్లో ఉంటే ఆయన చేతనే వాయింపించండి, పెట్టె మీద ఆయన చేయి ఉంటే చెవికి అందనిది కొంత చేతికి అందుతుంది.

మీ గొంతు గురించి రెండు ముక్కలు. ప్రేయర్‌లో పాడిన శ్రుతిలో ఇప్పుడు మొదలుపెట్టకండి. అప్పుడు ఐదున్నర, ఆరు శ్రుతిలో పాడి ఉంటే ఇప్పుడు ఇంకా కిందికి, నాలుగున్నరో నాలుగో చూసుకోండి. పొద్దున డ్యూటీకి పోకముందు పది నిమిషాలు మంద్ర స్థాయిలో, అంటే కింది స్వరాల్లో, నోరు మూసి హుంకారం, తర్వాత ఆకారం, చాలు. బస్సులో ఇంజను మీదుగా అరవడం తగ్గించి విజిల్ ఎక్కువ వాడండి, నీళ్ల బాటిల్ పక్కనే పెట్టుకోండి. బొంగురు మూడు నాలుగు వారాలు దాటి అలాగే ఉందంటే మాత్రం మిరియాల పాలతో సరిపెట్టుకోకుండా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. అరుపుతో స్వరతంత్రుల మీద గడ్డల్లాంటివి ఏర్పడతాయి. టీచర్లకు, కండక్టర్లకు ఇది వృత్తితో వచ్చే బాధ. మొదట్లోనే చూపిస్తే చాలావరకు గొంతుకు విశ్రాంతి, సరైన సాధనతోనే తగ్గుతాయి.

సన్మానం సంగతి మీ గ్రూపులో పెట్టండి. కావాలంటే నేనే అన్నానని చెప్పండి. నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణం లాంటి పెద్ద హాలు మాట్లాడి, సౌండ్ బాక్సుల మధ్య ఆయన్ని కూర్చోబెట్టి, మైకులో ఒకరి తర్వాత ఒకరు అరగంట చొప్పున ఉపన్యాసం ఇస్తే అది సన్మానం కాదు, చెవుడున్న మనిషికి శిక్ష. ఆ హోరులో ఆయనకు ఒక్క మాటా తెలియదు. చప్పట్లు కొట్టినప్పుడల్లా చేతులు జోడించి నవ్వుతూ కూర్చోవాలి. నేను ఇలాంటివి చాలా చూశాను, చూసి ప్రతిసారీ నిర్వాహకుల మీద ఒళ్లు మండింది. చిన్న గది, తక్కువ మాటలు, ఒక్కొక్కరూ దగ్గరికొచ్చి పేరు రాసి చూపించి పలకరించడం, ఇది చాలు. వీలైతే మీ హైస్కూల్లోనే, ప్రేయర్ జరిగిన చోటే పెట్టుకోండి.

శాలువాలు, మెమెంటోలు వద్దనండి. పర్మనెంట్ కాకుండానే ఇంటికి పోయిన సార్లు మన దగ్గర చాలామంది ఉన్నారు, వాళ్లకు పింఛను ఉండదు. మీ సారు పరిస్థితి ఏమిటో నాకు తెలియదు, మీకూ తెలిసినట్టు లేదు. ముందు వెళ్తారు కదా, ఇంట్లో ఆమెనో కొడుకునో పక్కకు పిలిచి మెల్లగా కనుక్కోండి. చెవి మిషనా, మందులా, హార్మోనియం రిపేరా. తలా కొంత వేసుకుని ఆ పని చేయించండి. డబ్బు ఇవ్వాల్సివస్తే మాత్రం స్టేజీ మీద కవరులో పెట్టి ఫోటో తీసుకోవద్దు.

పాట కావాలి కాబట్టి అందరూ కలిసి ప్రేయర్ పాడండి. ఎత్తుకునేది మీరు. ఇది ఒంటరి పాట కాదు కాబట్టి మీకు టెన్షన్ ఉండదు. మగవాళ్లు కింది స్థాయిలో కలుస్తారు, ఆడవాళ్లకు అందే శ్రుతి మీరు చూసుకుంటారు. కాలనీలో ఏటా చేసేదే. అందరూ సారుకు ఎదురుగా నిలబడి తాళం కనబడేలా వేయండి.

మీ ఆయన నవ్వు గురించి నేను పెద్దగా పట్టించుకోను. మీరు రాసిన తీరులో అది ఎగతాళి కన్నా ఆశ్చర్యం లాగే ఉంది. నాలుగు రోజులు పొద్దున్నే మంద్రంలో ఆకారం వినబడితే ఆయనే అలవాటుపడతారు.

ఇక పాప. వరంగల్‌లో విద్యారణ్య ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. ఆ కాలంలో మీ ఇంటికి వచ్చిన ఫారం అక్కడిదే అయి ఉంటుంది. పాపను తీసుకుని ఒకసారి వెళ్లి వయసు, క్లాసు వేళలు, ఫీజు స్వయంగా కనుక్కోండి. బడి పనితో కుదురుతుందనుకుంటే చేర్పించండి, కుదరకపోతే ఇంటి దగ్గర నేర్పే టీచరు కోసం చూడండి. రియాలిటీ షోల ఆశ మాత్రం మొదటి రోజే పెట్టకండి. ‘అమ్మ చదవలేకపోయింది, నువ్వైనా చదవాలి’ అనే మాట ఆ పిల్ల చెవిన పడనీయకండి. మీ ఫారం మీదే, దాన్ని పాప చేత నింపించొద్దు.

సారు దగ్గరికి మొదటిసారి పాపను వెంట తీసుకెళ్లకండి. పిల్ల ఉంటే మీరిద్దరూ పాప గురించే మాట్లాడుకుని లేచి వస్తారు. రెండోసారి తీసుకెళ్లండి. మీ వీక్లీ ఆఫ్ రోజు పొద్దున తొమ్మిది, పది మధ్య వెళ్లండి. చెవి మందగించిన పెద్దవాళ్లు సాయంత్రానికి విని విని అలసిపోతారు. ‘ఎందుకు చేరలేదు బిడ్డా’ అని అడిగితే సాకులు వద్దు, ‘మా నాయన వద్దన్నడు సార్, మీకు చెప్పనీకి భయపడ్డ’ అని ఒక్క వాక్యం నోట్‌బుక్‌లో రాసి చూపించండి. ‘ఇప్పుడు పాడుతున్నవా’ అని అడుగుతారు. తప్పకుండా అడుగుతారు. బతుకమ్మ సంగతి చెప్పండి, ఏ శ్రుతిలో ఎత్తుకుంటున్నారో కూడా చెప్పండి. ఆయన దాని మీద ఏదో ఒక సవరణ చెప్పకుండా ఉండరు.